రెండో పాస్‌పోర్టు సంతలో మొదటి కాగితం లేనివారు

ఆదివారాలు అసర్ నమాజు తర్వాత మస్జిదు వెనుక గదిలో మేము నడిపే సహాయ కేంద్రానికి కొన్ని వారాల క్రితం ఒక యువకుడు వచ్చాడు. తండ్రి కువైట్‌లో 26 ఏళ్లు డ్రైవరుగా పనిచేసి, మోకాళ్లు అరిగిపోయి రాయచోటికి తిరిగి వచ్చిన మనిషి. ఆ సంపాదనలో మిగిలింది ఐదు సెంట్ల ఇంటి స్థలం. కుమారుడి చేతిలో నిగనిగలాడే రంగుల పుస్తకం ఉంది. అట్ట మీద సముద్రం, కొబ్బరిచెట్లు, బంగారు అక్షరాల పాస్‌పోర్టు.

“చాచా, స్థలం అమ్మి కడితే ఆరు నెలల్లో రెండో పాస్‌పోర్టు ఇంటికే వస్తుందట. ఆ దేశానికి ఒక్కసారి కూడా పోనక్కర లేదట. మీరు ఆఫీసులో పనిచేసినవారు, ఈ కాగితాలు ఒకసారి చూడండి” అన్నాడు.

ఎందుకు బేటా, నీకున్న పాస్‌పోర్టుకు ఏమైంది అని అడిగాము. అతడు కాసేపు తల వంచుకొని, “ఇక్కడ రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు చాచా. ఒక దారి ఉంచుకుంటే మంచిది కదా” అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ కార్యాలయాల్లో ఎందరి అర్జీలకో జవాబులు రాసిన మాకు, ఆ మాటకు వెంటనే జవాబు దొరకలేదు.

అదే బల్ల మీద, అతడి పక్కనే, డెబ్భై దాటిన ఒక ఖాలా తన వంతు కోసం కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ సంచి. అందులో రేషన్ కార్డు మీద షేక్ ఖాసింబీ, ఆధార్ మీద ఎస్. ఖాసిం బేగం, ఓటరు జాబితా నకలులో కాశింబి. ఒకదానిలో భర్త పేరు, మరొకదానిలో తండ్రి పేరు. వయసులో ఏడేళ్ల తేడా. “పేర్లు కలవకపోతే జాబితాలో తీసేస్తారంట కదా భాయ్, అంతేనా?” అని ఆమె ప్రశ్న.

ఒకే గదిలో, ఒకే బల్ల మీద రెండో పాస్‌పోర్టు కావాలనే యువకుడు, మొదటి కాగితమే సరిగా లేని వృద్ధురాలు. ఈ వ్యాసం ఆ బల్లను చూసి రాస్తున్నది. రెండో పాస్‌పోర్టు మాట ఈమధ్య మన కలిగిన కుటుంబాల దావతుల్లో, నిఖా విందుల్లో బిర్యానీతో పాటు వడ్డనకు వస్తున్నది. ఫలానావారు టర్కీలో ఇల్లు కొన్నారట, ఫలానావారి అల్లుడికి దుబాయిలో గోల్డెన్ వీసా అట. వినేవారిలో సగం మందికి దుబాయి గోల్డెన్ వీసా పౌరసత్వం కాదనీ, అది గడువు ఉన్న నివాస అనుమతి మాత్రమేననీ కూడా తెలియదు. చెప్పేవారు కూడా ఆ తేడా చెప్పరు. “తెలివైనవాడు ముందే సర్దుకుంటాడు” అనే ధోరణిలో మాట ముగుస్తుంది. ఆ ధోరణిని మేము ఖండిస్తున్నాము.

ముందు ఈ సంత సంగతి చూద్దాము. 1983లో స్వాతంత్ర్యం పొందిన సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అనే చిన్న కరీబియన్ ద్వీపదేశం, మరుసటి ఏడాదే డబ్బు పెట్టినవారికి పౌరసత్వం ఇచ్చే ఏర్పాటును చట్టంలో చేర్చింది. 1993లో డొమినికా, 2013 నుంచి ఆంటిగ్వా, గ్రెనడా, ఆ తర్వాత సెయింట్ లూసియా అదే బాట పట్టాయి. ఐరోపాలో సైప్రస్, మాల్టా కూడా అమ్మాయి. సైప్రస్ తన పథకాన్ని 2020లో అవినీతి ఆరోపణల మధ్య మూసివేసింది. మాల్టా పథకం ఐరోపా చట్టానికి విరుద్ధమని యూరోపియన్ న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తేల్చింది. టర్కీలో 4 లక్షల డాలర్ల స్థిరాస్తి కొంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2018లో ఆ ధర రెండున్నర లక్షలు, 2022లో పెంచారు. బియ్యం ధరలాగా దీనికీ మార్కెట్టు ఉంది, ఎక్కుతుంది, దిగుతుంది.

కరీబియన్ దేశాలు ఒకదాని ధరను మరొకటి కోసుకొని బేరానికి పడుతుండగా, 2024లో వాటిలో నాలుగు కూర్చుని 2 లక్షల డాలర్లకు తగ్గకూడదని ఒప్పందం చేసుకున్నాయి. మన లెక్కలో అది కోటీ డెబ్భై లక్షల మాట. మా దగ్గరకు వచ్చిన యువకుడి స్థలం అమ్మితే నలభై లక్షలు రావడమే కష్టం. మరి ఏజెంటు ఏమి చెప్పాడు? ముందు 40 లక్షలు కట్టు, మిగిలినది అక్కడ ఉద్యోగం చేసి తీర్చు అన్నాడు. ఉన్నదే కొన్ని వేల జనాభా గల ఊళ్లు, పర్యాటకుల మీద బతికే ద్వీపాలు. అక్కడ ఏ ఉద్యోగం చేసి కోటి రూపాయలు తీరుస్తాడు? డబ్బు పంపే దారి అడిగితే హవాలా అన్నాడట. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు బ్యాంకు ద్వారా విదేశాలకు పంపుకోవచ్చు, పన్ను చూపించి, కాగితం మీద. చట్టబద్ధమైన దారి ఉండగా హవాలా అడిగేవాడు ఎవడైనా మోసగాడే, లేదా మనల్ని నేరస్థులుగా మార్చేవాడు.

ఆ రంగుల పుస్తకంలో ‘వీసా లేకుండా వందకు పైగా దేశాలు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. డొమినికా, వనువాటు పాస్‌పోర్టులున్నవారికి బ్రిటన్ 2023 జూలైలో వీసా తప్పనిసరి చేసిందన్న సంగతి అందులో లేదు. వనువాటుతో వీసా మినహాయింపును ఐరోపా సమాఖ్య 2024 చివరిలో పూర్తిగా రద్దు చేసిందని కూడా లేదు. కారణం కూడా ఇదే: ఈ దేశాలు పాస్‌పోర్టులు అమ్ముకుంటున్నాయి కనుక. ఎక్కువమందికి అమ్మితే సరుకు విలువ తగ్గుతుందనే సాదా సంగతి కొనేవాడికి చెప్పరు.

అసలు సంగతి మన చట్టంలో ఉంది. భారత రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ఒకే మాట చెబుతాయి: స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం పుచ్చుకున్న వ్యక్తి ఆ క్షణం నుంచి భారత పౌరుడు కాడు. మన దేశంలో ‘రెండో’ పాస్‌పోర్టు అనేదే లేదు. రెండోది చేతికి వస్తే మొదటిది పోయినట్టే. దానిని అప్పగించాలి, దాచుకొని వాడితే నేరం. ఆ తర్వాత తన తల్లిని చూడటానికి తన ఊరికి రావాలంటే వీసా కావాలి, లేదా ఓ.సి.ఐ. కార్డు కావాలి. ఓ.సి.ఐ.ని ‘ద్వంద్వ పౌరసత్వం’ అని కొందరు ప్రచారం చేస్తారు. దానితో ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు, పొలం కొనే హక్కు లేదు. ప్రభుత్వం రద్దు చేయనూ వచ్చు. మన సముదాయానికి సంబంధించిన మరో నిబంధన కూడా అందులో ఉంది. దరఖాస్తుదారుడు గాని, తల్లిదండ్రులు గాని, తాతలు, ముత్తాతలు గాని ఎన్నడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఆ కార్డు ఇవ్వరు. దేశవిభజనలో రెండుగా చీలిన హైదరాబాదు కుటుంబాలలో ఎందరికి ఆ నిబంధన అడ్డు తగులుతుందో ఆలోచించండి.

ఈ మాట చదివి, అయితే విదేశాలకు వెళ్లి స్థిరపడినవారందరినీ తప్పుపడుతున్నారా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. అమెరికాలోనో కెనడాలోనో ఏళ్ల తరబడి నివసించి, పన్ను కట్టి, పరీక్ష రాసి, ప్రమాణం చేసి పౌరులైనవారు ఆ పౌరసత్వాన్ని సంపాదించుకున్నారు. మా మేనల్లుడు ఒకడు అలా అయినవాడే, అతడి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. 2022 ఒక్క సంవత్సరంలోనే 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వారిని దేశద్రోహులని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. మా అభ్యంతరం ఒక్కటే. రెండు లక్షల మంది వెళ్లిపోతే ‘ప్రవాస భారతీయుల విజయం’ అని పూలదండలు వేసే నోళ్లే, మన పిల్లవాడు ఒకడు భయంతో రంగుల పుస్తకం తిరగేస్తే ‘వీళ్ల మనసు ఇక్కడ లేదు’ అంటాయి. ఆ భయాన్ని పెంచింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

డబ్బున్నవాడికి ఈ పుస్తకం ఎలా పనికివస్తుందో దేశమంతా చూసింది. వజ్రాల వ్యాపారి మేహుల్ చోక్సీ 2017లో ఆంటిగ్వా పౌరసత్వం పొందాడు. 2018 జనవరిలో దేశం దాటాడు. పంజాబ్ నేషనల్ బ్యాంకు వేల కోట్ల కుంభకోణం ఆ తర్వాతే బయటికి వచ్చింది. అతడిని తిరిగి రప్పించడానికి ప్రభుత్వం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది. అతడికి రెండో పాస్‌పోర్టు ఒక కోట గోడ అయింది.

అదే రెండో పాస్‌పోర్టు బీద ముస్లింకు ఏమైందో తెలుసుకోవాలంటే మన రాష్ట్రం పేరు మీదనే ఉన్న పాత తీర్పులు తెరవాలి. 1948 జూలైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరు నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి అయింది. మధ్యలో కరాచీలో ఉన్న అన్ననో, లాహోరులో ఉన్న కూతురినో చూడటానికి వెళ్లినవారు, ఉద్యోగం దొరుకుతుందేమోనని వెళ్లి దొరకక వెనక్కి బయలుదేరినవారు అక్కడ చిక్కుకుపోయారు. తిరిగి తమ ఇంటికి రావడానికి వారికి దొరికిన ఒకే ఒక కాగితం పాకిస్తాన్ పాస్‌పోర్టు. దాని మీద కొన్ని నెలల వీసా వేయించుకొని పుట్టిన ఊరికి ‘విదేశీ అతిథులు’గా వచ్చారు. గడువు దాటగానే పోలీసులు తలుపు కొట్టారు.

అలాంటి ఒక మనిషి కేసు 1961లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకవైపు, అబ్దుల్ ఖాదర్ అనే వ్యక్తి మరొకవైపు. పాకిస్తాన్ పాస్‌పోర్టుతో వచ్చి గడువు దాటినా ఉన్నాడన్నది నేరం. హైకోర్టు శిక్షను కొట్టివేస్తే రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేసింది. సుప్రీంకోర్టు ఆ అప్పీలును ఒప్పుకోలేదు. ఒక వ్యక్తి భారత పౌరసత్వం పోగొట్టుకున్నాడా లేదా అన్నది చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వమే విచారించి నిర్ణయించాలి తప్ప, పాస్‌పోర్టు చూసి మేజిస్ట్రేటు తేల్చరాదని చెప్పింది. మరుసటి ఏడాది సయ్యద్ మహమ్మద్ ఖాన్ కేసులో, కేంద్రం నిర్ణయించేదాకా రాష్ట్రం వారిని విదేశీయులుగా చూడరాదని మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఆ అప్పీలు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిదే. అదే 1962లో ఇజ్హార్ అహ్మద్ ఖాన్ కేసులో మాత్రం, వేరే దేశపు పాస్‌పోర్టు తీసుకోవడమే పౌరసత్వం వదులుకున్నందుకు తిరుగులేని సాక్ష్యమన్న నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. బలవంతంగానో గత్యంతరం లేకనో తీసుకున్నానని చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1965లో మరో తీర్పు, ఈసారి మద్రాసు నుంచి వచ్చిన కేసులో.

ఈ తీర్పులను వరుసగా చదివితే మాకు ఒకటే తోస్తుంది. చోక్సీకి రక్షణ అయిన కాగితమే అబ్దుల్ ఖాదర్‌కు నేరారోపణ పత్రం. ఇద్దరి మధ్య తేడా మతమే అని మేము అనము. డబ్బు కూడా. అయితే డబ్బు లేని చోట మతం గట్టిగా పట్టి చూపుతుంది.

రెండో దేశమంటే ముస్లిం దేశమే కదా, అక్కడ మనవాళ్లే కదా అనే భ్రమ మరొకటి ఉంది. కడప జిల్లా వాసులకు ఈ భ్రమ చెల్లదు. కువైట్ ఇళ్లలో వంట చేసిన మన అక్కచెల్లెళ్లు, కార్లు నడిపిన మన అన్నదమ్ములు ముప్పై ఏళ్లున్నా వారి చేతిలో ఉండేది ఇఖామా మాత్రమే. కఫీలు దయ ఉన్నంతకాలం బతుకు. అక్కడ పుట్టిన పిల్లలు అక్కడి పౌరులు కారు. ఎమిరేట్స్ 2021లో పౌరసత్వ నిబంధనలు సడలించింది, నిజమే. పెట్టుబడిదారులకు, పేరుమోసిన వైద్యులకు, శాస్త్రవేత్తలకు, అదీ పాలకుల సిఫారసు మీద. తాపీమేస్త్రీకి ఆ జాబితాలో చోటు లేదు.

తమ గడ్డ మీద పుట్టినవారికే ఆ దేశాలు ఏమి చేశాయో చూడండి. కువైట్‌లో పనిచేసి వచ్చినవారిని అడిగితే ‘బిదూన్’ అనే మాట చెబుతారు. ‘లేనివారు’ అని అర్థం, పౌరసత్వం లేనివారు. కువైట్ 1959లో పౌరసత్వ చట్టం చేసినప్పుడు ఎడారిలో తిరిగే సంచార కుటుంబాలు, చదువులేనివారు, కాగితం విలువ తెలియనివారు పేరు రాయించుకోలేదు. 1980లలో వారిని ‘అక్రమ నివాసులు’గా ప్రకటించారు. నేటికీ లక్షకు పైగా మనుషులు అరబ్బీ మాట్లాడే, అదే ఖిబ్లా వైపు నమాజు చేసే మనుషులు, జనన ధ్రువపత్రానికి, చదువుకు, ఉద్యోగానికి ఇబ్బంది పడుతూ ఉన్నారు.

వీరికి కనుగొన్న పరిష్కారమే రెండో పాస్‌పోర్టు వ్యాపారంలో అన్నింటికంటే నీచమైన అధ్యాయం. మడగాస్కరుకు, ఆఫ్రికా తీరానికి మధ్య కొమొరోస్ అనే బీద ద్వీపదేశం ఉంది. ముస్లిం దేశం, అరబ్ లీగ్ సభ్యదేశం. 2008లో అక్కడ ‘ఆర్థిక పౌరసత్వం’ చట్టం చేశారు. ఎమిరేట్స్ డబ్బు చెల్లించి తన దగ్గరి బిదూన్ల కోసం ఆ పాస్‌పోర్టులను టోకున కొన్నది. వారు ఎన్నడూ చూడని ద్వీపానికి కాగితం మీద పౌరులయ్యారు. అంటే పుట్టిన గడ్డ మీద అధికారికంగా విదేశీయులయ్యారు. విదేశీయుడిని పంపించివేయవచ్చు. 2012లో అహ్మద్ అబ్దుల్ ఖాలిక్ అనే హక్కుల కార్యకర్తకు అలాగే జరిగింది. అతడి చేత కొమొరోస్ పాస్‌పోర్టు తీయించి, ఎమిరేట్స్ నుంచి థాయిలాండుకు విమానం ఎక్కించారు. 2014లో కువైట్ అధికారులు కూడా తమ బిదూన్లకు ఇదే దారి చూపుతామన్నారు. చివరికి ఆ పాస్‌పోర్టుల అమ్మకం వ్యవహారంలోనే కొమొరోస్ మాజీ అధ్యక్షుడు అహ్మద్ అబ్దల్లా సంబీకి 2022లో రాజద్రోహం కింద యావజ్జీవ శిక్ష పడింది. ఆ డబ్బు ఆ బీద ప్రజలకు చేరలేదు, ఆ పాస్‌పోర్టులు ఆ బిదూన్లకు దేశాన్ని ఇవ్వలేదు.

ఉమ్మత్ అని ఉపన్యాసాలు చెప్పే మన పెద్దలు ఈ సంగతి ఎందుకు మాట్లాడరు? ‘పాకిస్తాన్ పో’ అని మనల్ని వీధిలో అరిచేవాడూ, తన పౌరుడికి కొమొరోస్ కాగితం చేతిలో పెట్టి విమానం ఎక్కించేవాడూ ఒకే పాఠశాలలో చదివారు. పుట్టిన చోటు మీద మనిషికి హక్కు లేదని, ఆ హక్కు ఇచ్చేదీ తీసేదీ తామేనని ఇద్దరి నమ్మకం.

ఇక మన దేశానికి వద్దాము. అస్సాంలో 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర పట్టికలో 19,06,657 మంది పేర్లు లేవు. అందులో హిందువులు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. కాగితం లేకపోవడానికి మతం లేదు, పేదరికమే ఉంది. కాని అదే ఏడాది డిసెంబరులో పౌరసత్వ చట్టానికి చేసిన సవరణ, మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవారిలో ముస్లింలను మాత్రం పక్కన పెట్టింది. 2024 మార్చిలో దానికి నియమాలు కూడా వచ్చాయి. అప్పుడు ఆ యువకుడి తలలో ప్రశ్న పుట్టకుండా ఎలా ఉంటుంది?

సైన్యంలో పనిచేసి రిటైరైన మహమ్మద్ సనావుల్లాను 2019 మేలో విదేశీయుడని నిర్బంధ కేంద్రానికి పంపారు. హైకోర్టు బెయిలిస్తే బయటికి వచ్చారు. రహీం అలీ అనే మరొకరిని 2012లో ట్రిబ్యునల్ విదేశీయుడని ప్రకటించింది. పేర్లలో అక్షరాల తేడాలు, తేదీల్లో చిన్న వ్యత్యాసాలు పట్టుకొని మనిషిని విదేశీయుడనరాదని, ఆరోపణకు ఆధారమేమిటో ముందు ప్రభుత్వం చూపాలని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఆయనను భారతీయుడని ప్రకటించింది. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లు దాటింది.

ఆ తీర్పు చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం మా సొంతది. పేర్లలో ఆ అక్షరాల తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో మాకంటే బాగా ఎవరికి తెలుసు? మేము రాసినవే. ఉర్దూలో ఉన్న పేరు ఇంట్లో ఒక తీరుగా పలుకుతారు, తెలుగులో గుమస్తా తన చెవికి వినబడినట్టు రాస్తాడు, తర్వాత కంప్యూటరు ఆపరేటరు దానిని ఇంగ్లీషులో తనకు తోచినట్టు కొడతాడు. ఒక్క ‘షేక్’ అనే మాటకే ఇంగ్లీషులో నాలుగైదు రూపాలు, కొన్ని చోట్ల రెండక్షరాల పొట్టి రూపం. మహబూబ్ బాషా ఊళ్లో మాబు. మస్తాన్ వలీ ఒక రిజిస్టరులో మస్తానయ్య. బడిలో హెడ్మాస్టరు పుట్టినతేదీ తెలియక జూలై 1 వేస్తాడు. ఆడవారి సంగతి మరీ అన్యాయం. పెళ్లికి ముందు బీ, పెళ్లి తర్వాత బేగం, కొన్నిచోట్ల ఉన్నీసా, కార్డు కార్డుకు ఇంటిపెద్ద మారిపోతాడు. పని ఒత్తిడిలో, ఒక్కోసారి నిర్లక్ష్యంతో, మేమూ ఇలా రాసినవారమే. బయట బారులో నిలబడిన మనిషికి చదువు రాదు కనుక తప్పు చూసి చెప్పలేకపోయింది. ఆనాడు మా కలం జారినందుకు ఈనాడు ఆమెను విదేశీయురాలివేమో నిరూపించుకో అంటున్నారు. ఇది ఎక్కడి న్యాయం?

నిరూపించుకోవలసిన భారం మనిషి మీదనే ఉండటం 1946 విదేశీయుల చట్టం నాటి మాట. తెల్లదొరలు రాసిపోయిన ఆ నియమాన్ని, 2025లో తెచ్చిన కొత్త చట్టం కూడా అలాగే ఉంచింది. బీహారులో 2025లో ఓటరు జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు తగ్గాయి. చనిపోయినవారు, వలసపోయినవారు అని అన్నారు. మొదట చెప్పిన 11 పత్రాలలో ఆధార్ లేదు. సుప్రీంకోర్టు చెప్పిన తర్వాతే, అదీ గుర్తింపుకే తప్ప పౌరసత్వానికి కాదన్న షరతుతో, చేర్చారు. ప్రతి పనికీ ఆధార్ అడిగి, అవసరమైన రోజున అది చాలదనడం చూస్తే, మా సర్వీసులో ఎందరో అధికారులను చూసిన మాకు కూడా ఆశ్చర్యమే.

కనుక మేము రాష్ట్ర ప్రభుత్వాలను రెండింటినీ అడిగేది పెద్ద కోరిక కాదు. ఒక జీ.వో. చాలు. షేక్, షేఖ్, ఎస్.కె.; బీ, బేగం, బీబీ; ఖాసిం, కాశిం వంటి రూపాలను ఒకే పేరుగా పరిగణించాలని, తండ్రి పేరు ఒకచోట భర్త పేరు ఒకచోట ఉన్నందుకు స్త్రీల దరఖాస్తు తిప్పికొట్టరాదని, రహీం అలీ తీర్పును ఉటంకిస్తూ తహసీల్దార్లకు స్పష్టమైన ఆదేశం ఇవ్వండి. సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో సవరణకు రుసుము మాఫీ చేసి, మండలానికి ఒక శిబిరం పెట్టండి. ఆలస్య జనన నమోదుకు అఫిడవిట్లు, సాక్షులు, మేజిస్ట్రేటు ఉత్తర్వు అంటూ మనిషిని ఆరుసార్లు తిప్పే పద్ధతిని ఒక్క రోజులో ముగిసేలా మార్చండి. కార్యాలయం చేసిన తప్పును దిద్దే ఖర్చు కార్యాలయమే భరించాలి.

మన సముదాయాన్ని అడిగేది కూడా ఉంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశానికైనా, ఓటుకైనా, పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మారింది. అయినా అఖీఖా విందుకు చేసే ఖర్చులో వెయ్యో వంతు శ్రద్ధ కూడా ఆ పత్రం మీద పెట్టని ఇళ్లను మేము ఇంకా చూస్తున్నాము. పేరు పెట్టని రోజున పేరు లేకుండా నమోదు చేసి, తర్వాత చేర్చడం మరచిపోతారు. గల్ఫ్‌లో కాన్పు అయిన కుటుంబాలకు మరో హెచ్చరిక. విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోపు భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలి. లేకపోతే 1955 చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ భారత పౌరసత్వమే చిక్కులో పడుతుంది. అక్కడి దేశం ఎలాగూ ఇవ్వదు. ఆ బిడ్డ మన బిదూన్ అవుతాడు. ఏకపదం పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నవారు కూడా జాగ్రత్త పడాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించినప్పుడు, విమానాశ్రయం నుంచి వెనుదిరగవలసి వస్తుందేమోనని మన మొహల్లాలో ఎన్ని ఇళ్లు కలవరపడ్డాయో మాకు గుర్తుంది.

మస్జిదు కమిటీలు షామియానాల కోసం, మైకుల కోసం వసూలు చేసే చందాలో కొంత ఈ పనికి పెట్టలేవా? డిగ్రీ చదివిన ఇద్దరు పిల్లలు, ఒక ల్యాప్‌టాప్, వారానికి రెండు గంటలు. ఖాజీల దగ్గరి నిఖా రిజిస్టర్లు చెదలు పట్టకముందే ఫొటోలు తీసి పెట్టవచ్చు. పెళ్లినాటి పేరుకూ తర్వాతి పేరుకూ వంతెన వేసే పత్రం చాలామంది ఆడవారికి అదొక్కటే. టర్కీలో ఇల్లు కొనగలిగిన మన సంపన్నులు, తమ వీధిలోని పది కుటుంబాల కాగితాలు సరిచేయించే ఖర్చును భరించలేరని మేము అనుకోము.

ఆ యువకుడి సంగతి చెప్పి ముగిస్తాము. పుస్తకం తిరగేసి, చట్టం చదివి వినిపించి, స్థలం అమ్మవద్దన్నాము. అప్పటికే ఏజెంటుకు ‘ఫైలు ఖర్చు’ కింద రెండు లక్షలు ఇచ్చేశాడని చివరికి చెప్పాడు, తండ్రికి తెలియకుండా. రసీదు లేదు. ఫోను మోగుతున్నది గాని ఎవరూ ఎత్తడం లేదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసి ఇచ్చాము. రాసింది మేమే, ఈసారి ప్రతి అక్షరం రెండుసార్లు చూసుకొని. ఖాసింబీ ఖాలా దరఖాస్తు ఆర్డీవో కార్యాలయంలో ఉంది. ఇద్దరు సాక్షులను తెమ్మన్నారు, తన పెళ్లినాటివారు. బతికి ఉన్నది ఒక్కరే. ఆయనకు చూపు ఆనదు. వచ్చే సోమవారం ఆటోలో ఆయనను ఎక్కించుకొని వెళుతున్నాము.